పలక వాష్ ప్యాంట్ల కాలం

కుట్టు పని నేర్చుకోవాలని వచ్చే పిల్లలు ముందుగా అడిగేది ఒకటే. "తాతా, ఏది కుడితే బాగా నడుస్తుంది?" ఈ ప్రశ్న వింటే నాకు చిరాకు. అయినా వాళ్లను ఏమీ అనను, ఎందుకంటే ఆ వయసులో నేనూ అదే అడిగాను. నా అదృష్టమో ఖర్మో, అప్పుడు మార్కాపురంలో నడవబోతున్నది జీన్స్.

నా పేరు మస్తాన్. బజారులో మస్తాన్ మాస్టరు అంటే పాతవాళ్లకు తెలుస్తుంది. కళ్లు మసకబారి మిషను మీద నుంచి లేచేదాకా నేను కుట్టని బట్ట లేదు. లాల్చీలు, సఫారీలు, స్కూలు యూనిఫారాలు, పోలీసుల ఖాకీ, పెళ్లికొడుకుల కోట్లు, అన్నీ కుట్టాను. వాటి గురించి ఇక్కడ రాయడం లేదు. అవి నాకు అన్నం పెట్టాయి, అంతవరకే. జీన్స్ అట్లా కాదు. అది వచ్చినప్పుడు నా బతుకులోకి ఒక మనిషిని తెచ్చింది, పోయేటప్పుడు తీసుకుపోయింది. పని గురించే రాస్తానని కూర్చున్నాను గానీ, ఆ మనిషిని వదిలేసి పని గురించి చెప్పడం నాకు చేతకాదు.

ఖాదర్ మాస్టరు

నాకు పని నేర్పింది ఖాదర్ మాస్టరు. బజారులో ఆయనది పేరున్న దుకాణం. మొదట్లో కాజాలు, గుండీలు తప్ప ఇంకేదీ ముట్టనిచ్చేవాడు కాదు. కత్తెర పట్టుకుంటే వేళ్ల మీద స్కేలుతో కొట్టేవాడు. ఇప్పటి పిల్లలైతే ఒక్క పూట కూడా ఉండరు ఆయన దగ్గర. ఉండకపోవడమే మంచిది, కొట్టడం వల్ల ఎవరికీ పని రాదు. నాకు వచ్చింది ఆయన్ని చూసి.

ఆయన టేపు తీసే ముందు మనిషిని చూసేవాడు. దుకాణం మెట్లు ఎక్కుతున్నప్పుడే చూడటం మొదలుపెట్టేవాడు. "ఒకనికి భుజం దిగి ఉంటది, ఒకడు కాలీడుస్తాడు. టేపుకు అయ్యేమీ తెల్దురా," అనేవాడు. నడుము కొలిచేటప్పుడు చాలామంది పొట్ట బిగబడతారు. ఆ కొలతకు కుడితే ప్యాంటు మళ్లీ మన దుకాణానికే వస్తుంది. ఖాదర్ మాస్టరు టేపు చుట్టి, "మీ దిక్కు వానలెట్ల ఉన్నాయి నాయనా?" అని అడిగేవాడు. మా ప్రాంతంలో ఆ మాటకు నిట్టూర్చని మనిషి లేడు. నిట్టూర్చగానే పొట్ట దిగేది. అప్పుడు కొలత చెప్పేవాడు. ఈ ఒక్క ముక్క నేర్చుకోండి, మిగతాదంతా మీ ట్రైనింగు సెంటరులో చెబుతారు.

జీన్స్ గుడ్డ తాను మొదటిసారి బజారులోకి వచ్చినప్పుడు ఆయన వేళ్లతో నలిపి చూసి పక్కకు తోసేశాడు. "గుడ్డ కాదురా ఇది, గుడారం. లోపలి మనిషిని తీసేసినా ప్యాంటు నిలబడే ఉంటది," అన్నాడు. నాకు మాత్రం ఆ నీలం మీద కళ్లు నిలిచిపోయాయి. చిక్కటి నీలం, దాని మీద పసుపు దారంతో జంట కుట్లు, జేబు మూలల్లో రాగి రివెట్లు. అప్పటిదాకా మేము కుట్టినదంతా దాచిపెట్టే కుట్టు. కుట్టు కనపడితే తప్పు. జీన్స్‌లో కుట్టు కనపడాలి, కనపడటమే అందం. దర్జీ పనితనం బయటికి కనిపించే గుడ్డ నా చేతికి రావడం అదే మొదలు.

తడపకుండా కోసిన గుడ్డ

నా మొదటి జీన్స్ రమణారెడ్డిది. పుల్లలచెరువు వైపు పల్లె అతనిది, కాలేజీ చదువుకు మార్కాపురంలో గది తీసుకుని ఉండేవాడు. గుడ్డ తెచ్చి, "మామా, దీన్ని నువ్వే కుట్టాల. ఖాదర్ మాస్టరు తిడతాడు," అన్నాడు. మాస్టరు భోజనానికి పోయిన వేళల్లో దొంగతనంగా కుట్టాను. సూదులు పుటుక్కుపుటుక్కున విరిగాయి. నాలుగు పొరలు కలిసేచోట మిషను ముందుకు పోనని మొరాయించింది. చివరికి ఆ మందాన్ని చెక్క సుత్తితో కొట్టి మెత్తబరిచి, కొవ్వొత్తి రుద్దితే సూది దిగింది. ఈ ఉపాయం నాకెవరూ చెప్పలేదు, కోపంలో తట్టింది.

ప్యాంటు చూసి రమణారెడ్డి మురిసిపోయాడు. మొదటిసారి ఉతికాక తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. ప్యాంటు చీలమండల పైకి ఎక్కి కూర్చుంది. తండ్రి పెద్దరైతు, నిమ్మళమైన మనిషి. దుకాణం బెంచీ మీద కూర్చుని కండువాతో ముఖం తుడుచుకుని అన్నాడు. "మా బోర్లో నీళ్లేమో కిందికి పోతాండాయి. నువ్వు కుట్టిన ప్యాంటేమో పైకి పోతాంది. నేను దేనికి ఏడవాల అబ్బాయ్?"

ఖాదర్ మాస్టరు విని పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత నా చెవి మెలిపెట్టాడు. జీన్స్ గుడ్డను కోయడానికి ముందు ఒక రాత్రి నీళ్లలో నానేసి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కోయాలి. దానిలోని కుంచించుకునే గుణమంతా ముందే పోవాలి. ఇప్పటి గుడ్డ మిల్లులోనే సరిచేసి వస్తుందంటారు. అయినా నేను నమ్మను, తడిపే కోయమంటాను.

జీన్స్ అడిగేవాళ్లు రోజురోజుకూ పెరిగారు. మాస్టరు ఒప్పుకోడు, నేను మానను. ఒకరోజు ఆయనే అన్నాడు. "పోరా, సొంతంగా పెట్టుకో. కానీ స్కూలు యూనిఫారాలు మాత్రం వదలొద్దు. ఈ మోజు ఎన్నాళ్లుంటదో గుడ్డ కనిపెట్టినోనికి కూడా తెల్దు." అట్లా వెనక చిన్న పెరడు ఉన్న గది ఒకటి బాడుగకు తీసుకుని బోర్డు పెట్టుకున్నాను.

స్టోన్ అంటే మాకు పలకే

రమణారెడ్డి బంధువుల పెళ్లికని గుంటూరు పోయి వచ్చాడు. వస్తూనే నా దుకాణానికి వచ్చాడు.

"మామా, గుంటూరులో ఇప్పుడు అందరూ స్టోన్ వాష్ తొడుగుతాండారు."

"ఏందది?"

"ప్యాంటును రాళ్లతో ఉతుకుతారంట. తొడల కాడ, మోకాళ్ల కాడ నీలం పోయి తెల్లగా తేలతాది. బలే ఉంటది."

"ఏం రాళ్లు?"

"రాళ్లంటే రాళ్లే. నాకేం తెల్సు మామా."

మార్కాపురంలో రాయి అంటే ఇంకేముంది, పలక. ఊరు దాటితే పలక ముక్కల గుట్టలే. దేశమంతా పిల్లలు అఆలు దిద్దిన పలకలు మా ఊరి గనుల్లోవే. నాకు ఇంకో రాయి తట్టనేలేదు. ఆ స్టోన్ అనేది నీళ్లలో తేలే తేలికైన రాయని, పెద్ద పెద్ద డ్రమ్ముల్లో ప్యాంట్లతో కలిపి తిప్పుతారని చాలా ఏళ్ల తర్వాత ఒక గుడ్డల ఏజెంటు చెప్పాడు. ముందే తెలిసి ఉంటే ఆ రాయి కోసం వెతికి, దొరక్క, ఊరుకునేవాణ్ని. తెలియకపోవడం వల్లే ఒక పని పుట్టింది.

తడి జీన్స్ ముక్క చేత్తో పట్టుకుని ఒక పలకల ఫ్యాక్టరీకి పోయాను. అక్కడ ఆడవాళ్లు వరసగా కూర్చుని, నీళ్లు చల్లుకుంటూ పలకలను నున్నగా అరగదీస్తున్నారు. నా సంగతి చెప్పగానే అందరూ నవ్వారు. ఒకామె మాత్రం నవ్వకుండా ముక్క అందుకుని పలక మీద పరిచి, ఇంకో పలక పెంకుతో రుద్ది చూసింది. నేను గట్టిగా రుద్దమన్నాను.

"ఇదేమన్నా రాయా, గట్టిగా రుద్దితే చినుగుతాది," అంది. "పసిబిడ్డకు మూతి తుడిచినట్టు తుడవాల."

ఆమె పేరు రూతమ్మ. పక్క పల్లె నుంచి వచ్చేది. భర్త గనిలో పనిచేసి జబ్బుపడి పోయాడు. పిల్లలు లేరు. అన్న ఏసోబు ఇంట్లో ఉండేది. ఆదివారం చర్చి, మిగతా దినాలు పలకలు. వయసులో నాకంటే కొంచెం చిన్న.

ఆమె రుద్దిన చోట నీలం తెల్లబడలేదు. బూడిద కలిసిన ఒక లేత రంగు వచ్చింది, వాన కురిసి వెలిసిన తర్వాత నల్లమల కొండలు కనపడే రంగు. పలక పొడి గుడ్డలోకి దిగి అట్లా చేసింది. రమణారెడ్డి దాన్ని తొడుక్కుని కాలేజీకి పోయాడు. గుంటూరు చూసి వచ్చినవాడెవడో "ఇది స్టోన్ వాష్ కాదు" అన్నాడట. "గుంటూరుది కాదు, మాది. ఇది పలక వాష్," అని రమణారెడ్డి జవాబిచ్చాడట. ఆ పేరు అతను పెట్టిందే.

పెరట్లో

తర్వాత వచ్చిన రోజులను ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. గిద్దలూరు నుంచి, పొదిలి నుంచి, ముండ్లమూరు పల్లెల నుంచి కుర్రాళ్లు గుడ్డ చంకన పెట్టుకుని బస్సు దిగేవాళ్లు. "పలక వాష్ మాస్టరు ఎవరు?" అని బస్టాండులో అడిగితే సోడా బండివాడు కూడా దారి చూపించేవాడు. పెళ్లికి పలక వాష్ ప్యాంటు కావాలని పట్టుబట్టిన పెళ్లికొడుకు ఉన్నాడు. పెద్దమనుషులు అడ్డుపడితే, పంచె కింద తొడుక్కుని పీటల మీద కూర్చున్నాడు.

ఆ రోజుల్లోనే పలకల ఫ్యాక్టరీల్లో పని తగ్గింది. పిల్లలు నోటు పుస్తకాలకు, ప్లాస్టిక్ పలకలకు మారారు. రూతమ్మ ఫ్యాక్టరీ మూతపడింది. నా దుకాణం పెరట్లో రేకుల నీడన ఆమెకు చోటిచ్చాను. పొద్దున్నే వచ్చి, సాయంత్రం బస్సుకు పోయేది.

మా ఊళ్లో నీళ్లు దొరకడమే కష్టం. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు పట్టుకున్న నీళ్లతోనే అన్నీ జరగాలి. ఒక ప్యాంటు నానేసిన నీలం నీళ్లను రూతమ్మ పారబోసేది కాదు, ఇంకో ప్యాంటుకు వాడేది. అందుకే మా ప్యాంట్లకు జేబు లోపలి తెల్ల గుడ్డ కూడా లేత నీలంగా ఉండేది. అది చూసి అసలుదో నకిలీదో చెప్పవచ్చని కుర్రాళ్లు గొప్పలు పోయేవాళ్లు. మాకు నీళ్లు లేకపోవడమే అది.

ఆమె పనిలో ఒక పద్ధతి ఉండేది. ప్రతి ప్యాంటు చేతికి తీసుకుని ముందు "ఎవురిది ఇది?" అని అడిగేది. ట్రాక్టరు నడిపేవాడిదంటే మోకాళ్ల పైన రుద్దేది. గొర్రెలు కాసేవాడిదంటే గొంతుక్కూర్చునే చోట. బస్సు కండక్టరుదంటే సంచీ ఒరుసుకునే తొడ పక్కన. "ఆ మనిషి ఒంటి మీద పదేండ్లుంటే యాడ అరుగుతాదో ఆడనే నేను ఇప్పుడు అరగదీయాల. అప్పుడే అతుకు పెట్టినట్టు ఉండదు," అనేది. గుంటూరు డ్రమ్ములు ఇది ఎక్కడ చేస్తాయి? అన్ని ప్యాంట్లకూ ఒకేచోట తెల్లబరిచి పంపుతాయి. మా ప్యాంటు తొడుక్కున్నవాడికి అది కొత్తదే అయినా తనదే అనిపించేది.

నేను లోపల కోసేవాణ్ని, కుట్టేవాణ్ని. తలుపు తీసి పెట్టుకుంటే పెరట్లోంచి ఆమె మాటలు వినపడేవి. చర్చి పాటలు కూనిరాగాలు తీసేది. మధ్యాహ్నం ఎవరి గిన్నె వాళ్లం తెరుచుకునేవాళ్లం. ఆమె జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, మా అక్క పంపిన పప్పు, ఇవి మెల్లగా ఒక గిన్నె నుంచి ఇంకో గిన్నెకు మారేవి. నా భార్య పెళ్లైన కొత్తలోనే జబ్బు చేసి పోయింది. మళ్లీ చేసుకోమని అక్క ఎన్నిసార్లు పోరినా నేను వినలేదు. అందరూ నేను భార్యను మరచిపోలేకనే అనుకున్నారు. కొన్నాళ్లు నిజమే. తర్వాత కాదు.

మా దిక్కున ఎవరినీ వట్టి పేరుతో పిలవరు. దారిన పోయేవాణ్ని కూడా అన్నా, మామా, చిన్నాయనా అని ఏదో వరస కలిపే పిలుస్తారు. రూతమ్మ నా దగ్గర పనిచేసినన్ని ఏళ్లూ నన్ను "మాస్టరూ" అనే పిలిచింది. అన్నా అనలేదు. నేనూ ఆమెను చెల్లెమ్మా అనలేదు. ఇది ఇద్దరికీ తెలుసు. దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

రెడీమేడ్

బజారులో అద్దాల దుకాణాలు వచ్చాయి. గదిలోకి పోయి తొడుక్కుని, అద్దంలో చూసుకుని, అప్పటికప్పుడే సంచీలో వేసుకుని పోవచ్చు. కొలతకు రావాల్సిన పని లేదు, పండగ ముందు దర్జీని బతిమాలాల్సిన పని లేదు. ఆ తర్వాత సాగే గుడ్డ వచ్చింది, కాళ్లకు అంటుకుని పట్టేసే ప్యాంట్లు వచ్చాయి. వాళ్లను నేను తప్పు పట్టను. మీరూ పట్టవద్దు. కొనేవాడికి సుఖమైనది వాడు కొంటాడు, మన పనితనం మీద ప్రేమతో ఎవరూ ఎండలో ప్రయాణం చేసి రారు. చిరిగిన జీన్స్ వచ్చినప్పుడు మాత్రం నవ్వుకున్నాను. రూతమ్మ ఒక్క పోగు తెగకుండా అరగదీయడానికి అంత తంటాలు పడితే, ఇక్కడ బొక్కలకే గిరాకీ.

ఒకరోజు రమణారెడ్డి వచ్చాడు. అప్పటికి పిల్లల తండ్రి. ఒంటి మీద సాగే గుడ్డ ప్యాంటు. చేతిలో అలాంటిదే ఇంకొకటి. "మామా, ఇది పొడవెక్కువయింది, కొంచెం తగ్గిచ్చు," అన్నాడు. నా ముఖం చూసి సిగ్గుపడినట్టున్నాడు. "ఇప్పుడన్నీ ఇయ్యే మామా, ఏం చేస్తాం," అన్నాడు. తగ్గించి ఇచ్చాను. పలక వాష్ అయిపోయిందని నాకు అప్పుడు అర్థమైంది.

ఖాదర్ మాస్టరు బాగా ముసలివాడయ్యాడు. అయినా కర్ర ఊతంతో వచ్చి నా బెంచీ మీద కూర్చున్నాడు.

"యూనిఫారాలు ఉన్నాయా?" అని అడిగాడు.

"ఉన్నాయి మాస్టరూ."

"అట్లయితే బతుకుతావు. దిగులు పడమాక."

ఆయన మంచి మాటే చెప్పాడు. కానీ నా దిగులు బతుకు గురించి కాదు. యూనిఫారాలకు వాష్ ఉండదు. జీన్స్ లేకపోతే రూతమ్మ పొద్దున్నే బస్సు దిగి నా పెరట్లోకి రావడానికి కారణం లేదు. వేరే ఊరి ఆడమనిషి, వేరే మతం మనిషి, ఏ పనీ లేకుండా ఒక ఒంటరి మగవాడి దుకాణానికి ఎందుకు వస్తుంది? ఎవరికి ఏమని చెబుతుంది? ఆ మోజు ఇంకొన్నాళ్లు ఉండాలని నేను మొక్కని దర్గా లేదు. ఊరంతా కుర్రాళ్లు ఏ ప్యాంటు తొడుగుతారన్న దాని మీద నా రోజులు ఆధారపడి ఉన్నాయి.

సోడాలమ్మే పిలగాడు

అప్పుడు నేను ఆర్డర్లు లేకుండా ప్యాంట్లు కుట్టడం మొదలుపెట్టాను.

గుడ్డ తెచ్చి, నానేసి, కోసి, కుట్టి ఆమె చేతికి ఇచ్చేవాణ్ని. "ఎవురిది ఇది?" అని అడిగేది. ఏదో ఒకటి చెప్పాలి కదా. "గిద్దలూరు బస్టాండులో సోడాలమ్మే పిలగాడిది," అన్నాను మొదటిసారి. ఆమె తలాడించి పనిలో పడింది. ఇంకోసారి పొదిలి మార్కెట్టులో మూటలు మోసేవాడన్నాను. మరోసారి పుల్లలచెరువు ఫారెస్టు గార్డన్నాను. ప్యాంటు తయారయ్యాక మడిచి లోపల ట్రంకు పెట్టెలో పెట్టేసేవాణ్ని. వచ్చి తీసుకుపోయినారని చెప్పేవాణ్ని.

ఆమె ఊరుకునేది కాదు. వారం పది దినాలకు ఒకసారి అడిగేది.

"సోడాల పిలగాని ప్యాంటు బాగుందంటనా?"

"బాగుందన్నాడు."

"పెండ్లి అయిందా వానికి?"

"ఇంకా కాలేదు."

"పాపం," అనేది. తల వంచుకుని రుద్దుతూనే ఉండేది.

అబద్ధాలు చెప్పడం నాకు అంత సులభంగా వస్తుందని అనుకోలేదు. ఆ సోడాల పిలగాడికి ఒక తల్లిని పెట్టాను, మూటలు మోసేవాడికి నడుం నొప్పి పెట్టాను. సాయంత్రం ఆమె బస్సెక్కి పోయాక, రేపు ఎవరి ప్యాంటు చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చునేవాణ్ని. అంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను. ఇది రాయడానికి నాకు సిగ్గు లేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆమె ప్యాంటు ఒకటి పైకెత్తి పట్టుకుని నా వైపు చూసింది.

"మాస్టరూ, గిద్దలూరోళ్లకూ పొదిలోళ్లకూ అందరికీ నీ నడుమేనా?"

నేను ఆ నడుము పట్టీ వైపు చూశాను. కొలత ఇవ్వడానికి మనిషి లేడు కాబట్టి, కత్తెర పట్టినప్పుడల్లా చేతికి బాగా తెలిసిన కొలతే వచ్చేసింది. నడుము, సీటు, తొడ, పొడవు, అన్నీ నావే. ఎంతోమంది పొట్టలు బిగబట్టడం కనిపెట్టిన నేను దీన్ని కనిపెట్టలేదు.

"ఎప్పుడు చూసినావు?" అన్నాను.

"క్రిస్మసు కాణ్ణించి తెల్సు నాకు."

"మరి ఏమీ అనలేదే?"

ఆమె ప్యాంటును ఒళ్లో పరుచుకుంది. "సోడాలమ్మేటోడు పొద్దంతా నిలబడి ఉంటాడు. మూటలు మోసేటోనికి తొడలు ఒరుసుకుంటాయి. నేను అట్ల రుద్దలేదు. కూచుని మిషను తొక్కే మనిషికి మోకాలు యాడ వంగుతాదో ఆడ రుద్దినా, అన్నిటికీ. నువ్వు ఒక్కటన్నా తీసి చూసుకోలేదా?"

చూసుకోలేదు. మడిచి పెట్టెలో పెట్టడమే తప్ప విప్పి చూడలేదు. ఆమె నాకు ఎన్ని నెలలుగా చెబుతూ వచ్చిందో అప్పుడు తెలిసింది.

దాచడానికి ఇంకేమీ మిగలలేదు. "నువ్వు రావడం మానేస్తావని భయమేసింది రూతమ్మా. పెండ్లి చేసుకుందాం. ఎవరు ఏమనుకున్నా సరే," అన్నాను.

ఆమె ఒళ్లోని ప్యాంటు మడిచింది. పలక పెంకు నీళ్లలో ముంచి తీసి పక్కన పెట్టింది. "మా అన్న హైదరాబాదుకు పోదామంటాండాడు. బిల్డింగుల కాడ పని ఉందంట, ఇంటిల్లిపాదీ పోవాలంట," అంది. "మా వదినె కాళ్లు పడిపోయి మంచంలో ఉంది. ఆమెను ఎత్తాలన్నా, కడగాలన్నా నేనే. మా ఆయన పోయినప్పుడు వాళ్లు నన్ను ఇంట్లో పెట్టుకున్నారు. ఇప్పుడు నేను కాదని ఎట్ల అనాల? కొంచెం ఆలోచన చేసుకోనీ మాస్టరూ. జవాబు చెప్పకుండా పోను."

జవాబు

ఆమె కొన్నాళ్లు రాలేదు. నేను యూనిఫారాలు కుట్టుకుంటూ ప్రతి బస్సు చప్పుడుకూ తలెత్తాను. వచ్చిన రోజు ఒంటరిగా రాలేదు, ఏసోబుతో కలిసి వచ్చింది. ముందురోజుల్లో ఇంటికి తీసుకుపోయిన ఒక ప్యాంటును రుద్ది, ఇస్త్రీ కూడా చేయించి తెచ్చింది. బల్ల మీద పెట్టింది.

ఏసోబు మంచివాడు. "మేం హైదరాబాదు పోతాండాం మస్తానన్నా. మా చెల్లెలికి నువ్వు అన్నేండ్లు పని చూపిచ్చినావు. నీ మేలు మర్చిపోం," అన్నాడు. నేను అతనికి బెంచీ చూపించాను. కూర్చోలేదు.

రూతమ్మ నా ముఖంలోకి చూసింది. తర్వాత అంది. "పోయొస్తా, అన్నా."

పక్కన అన్న ఉన్నాడు కాబట్టి అట్లా అనక తప్పలేదని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది నిజం కాదు. మాస్టరూ అని ఉంటే ఏసోబు ఏమీ అనుకునేవాడు కాదు, అది అందరూ పిలిచే పిలుపే. ఆమె కావాలనే ఆ మాట అంది. జవాబు చెప్పకుండా పోనంది, చెప్పింది. వదినెను మంచంలో వదిలేసి నా ఇంటికి వచ్చి ఉంటే ఆమె సుఖపడగలిగేది కాదు. ఆ మనిషి అట్లాంటిది కాబట్టే నేను కోరుకున్నాను.

మర్యాదకు నేనూ ఒక మాట అనాలి. "మంచిది చెల్లెమ్మా" అనాలి. ఏసోబు ఆ మాట కోసమే నిలబడినట్టు నిలబడ్డాడు. "మంచిది," అన్నాను. మిగతా సగం నోట్లోంచి రాలేదు. రూతమ్మ తల దించుకుని మెట్లు దిగింది. ఆమె నవ్వినట్టు నాకనిపించింది, నిజంగా నవ్విందో లేదో తెలియదు.

హైదరాబాదులో వాళ్లు ఎక్కడున్నారో నేను వెతకలేదు. ఆమె చెప్పిన జవాబుకు విలువ ఇవ్వడమంటే అదేనని అనుకున్నాను. అయినా ఇన్నేళ్లలో ఆమె గుర్తుకు రాని పొద్దు లేదు.

కొత్తగా వచ్చేవాళ్లకు

మోజు మళ్లీ వచ్చిందట. వదులు జీన్స్, వెలిసిన జీన్స్, పిల్లలు ఫోన్లలో చూపిస్తారు. "తాతా, పలక వాష్ ఎట్లా చేసేవాళ్లు, చెప్పరా?" అని ట్రైనింగు సెంటరు నుంచి వచ్చిన అమ్మాయి అడిగింది. చెప్పాను. గుడ్డ తడుపు, పలక పెంకు అంచు నున్నగా చేసుకో, తొడుక్కునే మనిషి ఏ పని చేస్తాడో అడుగు. అమ్మాయి మొదటి రెండూ రాసుకుంది, మూడోది నవ్వి వదిలేసింది. అది లేకపోతే మిగతా రెండూ దండగ. ఇంతకంటే నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ట్రంకు పెట్టెలోని ప్యాంట్లను నేను ఒక్కొక్కటే తీసి తొడుక్కున్నాను. కొలత నాదే కదా, ఎవరికీ అమ్మలేదు. నడుము మాత్రం పెద్దగా పెరగలేదు, మా వంశం సన్నటి వంశం. ఈ వయసులో ముసలాయనకు జీన్స్ ఏందని బజారులో నవ్వేవాళ్లు నవ్వుతారు. కూర్చుంటే ఆమె రుద్దిన చోట సరిగ్గా నా మోకాలు వంగేది, ఒక్క అంగుళం కూడా తేడా ఉండేది కాదు.

జీన్స్‌కు ఒక గుణం ఉంది, ఇది కూడా తెలుసుకోండి. ఉతికిన కొద్దీ మిగతా గుడ్డ కూడా వెలుస్తుంది. మొదట్లో రుద్దినచోటు వేరుగా, రుద్దనిచోటు వేరుగా కనపడుతుంది. కొన్నేళ్లకు మొత్తం ఒకే రంగుకు వస్తుంది. నేను తొడిగిన ప్యాంట్లన్నీ అట్లాగే అయ్యాయి. ఆమె చెయ్యి ఎంతవరకు వచ్చి ఎక్కడ ఆగిందో ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు.

చివరిగా ఏసోబుతో వచ్చినప్పుడు ఆమె బల్ల మీద పెట్టిన ప్యాంటు ఒకటే మిగిలింది. దాని మీద నీలం ఇంకా చిక్కగా ఉంది, మోకాళ్ల దగ్గర ఆ బూడిద రంగు స్పష్టంగా ఉంది. "పెట్టెలోనే చీకిపోతాది, తొడుక్కోరాదా," అని మా అక్క అప్పుడప్పుడూ కోప్పడుతుంది. ఆమెకు ఏమీ చెప్పను. తొడుక్కుంటే ఉతకాల్సి వస్తుంది.